దేవమ్మ సైకిలు వెనక చౌడమ్మ

ఆళ్లగడ్డ శిల్పాల షెడ్డు నుంచి చౌడమ్మ బయలుదేరేసరికి ఎండ రేకుల మీదికి వచ్చింది. బండి అడుగున వరిగడ్డి, గడ్డి మీద పరుపు, పరుపు మీద వెల్లకిలా చౌడమ్మవారి విగ్రహం. విగ్రహం చెక్కిన ఆచారి గడ్డి పక్కకు తీసి విగ్రహం కుడిచెయ్యి చూపించాడు. శూలం పట్టుకునే చెయ్యి అది. వేళ్లన్నీ రాయి నుంచి విడిగా చెక్కినవి. వాటి వెనక ఆసరాగా రాయి లేదు.

"సూడు నూర్ మహమ్మద్. యాడన్నా గట్టిగా బ్రేకు కొడితివా, ముందు పొయ్యేది ఈ చిటికెనేలే. ఏలు పోతే అమ్మ పోయినట్టే."

వేలు విరిగిన విగ్రహాన్ని గుడిలో నిలపరు. పోయిన నెల వేరే డ్రైవరు తీసుకుపోయిన విగ్రహం ముక్కు చెక్కు లేచి తిరిగొచ్చింది. ఇప్పుడది షెడ్డు మూలన గోనెసంచి కప్పుకుని ఉంది. ఆ డ్రైవరు మళ్లీ షెడ్డు వైపు రాలేదు. అప్పటి నుంచి నూర్ మహమ్మద్ ఈ పని అడుగుతూనే ఉన్నాడు. అతనిది బ్యాటరీతో నడిచే చిన్న ట్రాలీ. అదరదు, చప్పుడు చెయ్యదు. ఆచారి చివరికి ఒప్పుకుని ఒక మాట చెప్పాడు: దీన్ని నంద్యాలకు చెక్కుచెదరకుండా చేరిస్తే ఇక షెడ్డు విగ్రహాలన్నీ నీ బండి మీదే పోతాయి.

విగ్రహానికి కళ్లు తెరిచేది గుడి దగ్గరే. ఆ పని కోసం ఆచారి ఉలి సంచిలో వేసుకుని మోటారు సైకిలు మీద ముందు పోయాడు. బండిలో నూర్ మహమ్మద్ పక్కన నాగేశ్వరమ్మ కూర్చుంది. నంద్యాల శివార్లలో ఆ గుడి కట్టించడానికి ఇల్లిల్లూ తిరిగిన మనిషి ఆమె.

"ముహూర్తం దాటిపోతాదప్పా. బేగా పోనీ."

"పోతాండా కదక్కా."

హైవే మీద మెల్లగా పోయే బండిని వెనక లారీలు బతకనివ్వవు. అందుకని శిరివెళ్ల దాటాక అతను ఊళ్ల మీదుగా పోయే రోడ్డు పట్టాడు. ఎడమపక్క కాలువ, కుడిపక్క వరి మళ్లు. రోడ్డు అంచులు రెండు వైపులా కోసుకుపోయాయి. చక్రం అంచు దిగితే బండి ఒరుగుతుంది.

కొంత దూరం పోయాక రోడ్డు మీద దుమ్ములో ఒక సైకిలు చక్రాల జాడ కనపడింది. కాలువ వైపు పోయి, మళ్ల వైపు తిరిగి, మళ్లీ కాలువ వైపు పోయింది. నూర్ మహమ్మద్ వేగం తగ్గించాడు.

"ఏందీ, ఆపుతాండావ్?"

"ముందర సైకిలు నేర్చుకునేటోళ్లు ఉండారక్కా."

"ఎవురూ కనపళ్ళేదే!"

మలుపు తిరిగాక కనపడ్డారు. ముందు ఒక మనిషి. రోడ్డు మధ్యలో రెండు చేతులూ నడుముకు పెట్టి, రొప్పుతూ, ముందుకు చూస్తూ నిలబడ్డాడు. అతనికి చాలా ముందు ఒక ఆడమనిషి సైకిలు తొక్కుకుంటూ పోతోంది. సీటుకు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు.

సైకిలు కొత్తదైనంత మాత్రాన తొక్కేవాళ్లు కొత్తవాళ్లు కారు. నూర్ మహమ్మద్ చూసింది ఆమె మోచేతులను. అవి కట్టెల్లా బిగుసుకుని ఉన్నాయి. తల వంచి ముందు చక్రాన్ని చూస్తోంది తప్ప రోడ్డును చూడటం లేదు. ఇలాంటివాళ్లు బెల్లు కొట్టరు. హ్యాండిలు మీది నుంచి ఒక్క వేలు కూడా తియ్యలేరు. వెనక హారను వినపడితే తల తిప్పుతారు. తలతో పాటు హ్యాండిలూ తిరుగుతుంది.

రొప్పుతున్న మనిషి బండి చూసి అడ్డం వచ్చాడు. నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"అన్నా, హారను కొట్టొద్దు. నేను వదిలేసినట్టు దానికి తెల్దు."

అతని పేరు రాజరత్నం. పోతున్నది అతని భార్య దేవమ్మ. పక్క ఊరి బడిలో ఆమెకు వంట పని దొరికింది. పొద్దున్నే అటు ఆటోలు పోవు. సోమవారం నుంచి సైకిలు మీదే పోవాలి.

"మోకాళ్లు పట్టేసినాయన్నా, ఇంగ ఉరకలేను. ఎక్కేది నేర్పిచ్చినా. దిగేది రేపు నేర్పిద్దామనుకుంటి."

నాగేశ్వరమ్మ నెత్తి కొట్టుకుంది. "మనిషివేనాప్పా నీవు! దిగేది నేర్పకుండా కాలవ గట్టుకు తోలుకొస్తివా?"

నూర్ మహమ్మద్ బండి కదిలించాడు. సైకిలు వెనక కొంత ఎడం వదిలి, అదే వేగంతో పోసాగాడు. దాటిపోవడానికి చోటు లేదు. ఆమె పడితే బండి ముందరే పడుతుంది. అప్పుడు బ్రేకు కొట్టక తప్పదు. నాగేశ్వరమ్మ కాసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత ఆమె చెయ్యి హారను మీదికి పోయింది. అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దక్కా. ఆయమ్మ పడితే మన చౌడమ్మ ఏలు కూడా పడతాది."

నాగేశ్వరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనక గడ్డి వైపు ఒకసారి చూసింది.

ముందు నుంచి కేక వినపడింది.

"యోవ్, పట్టుకున్నావా?"

బండి చప్పుడు చెయ్యదు. వెనక ఉన్నది మొగుడే అనుకుంటోంది దేవమ్మ. జవాబు రాకపోతే వెనక్కి తిరుగుతుంది. నూర్ మహమ్మద్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఊఁ."

"రెండడుగులు ఉరికితే ఊఁ అంటాండావ్! నిన్న కోడికూర దమ్మంతా యాడ పాయ?"

నాగేశ్వరమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

అంతలో ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. సైకిలు కాలువ వైపు జరగడం మొదలుపెట్టింది.

"యోవ్, ట్రాక్టరొస్తాంది! నేను పడతా!"

నూర్ మహమ్మద్ లైట్లు వేసి ఆర్పాడు. చెయ్యి బయటపెట్టి ఊపాడు. ట్రాక్టరతను సైకిలును చూశాడు, ఆ ఊగుడు చూశాడు, పొలం దారిలోకి తిప్పి నిలిపాడు.

"ట్రాక్టరు కల్లా సూడొద్దు. నీవు పొయ్యే దిక్కు సూడు. తొక్కు, తొక్కు," అన్నాడు నూర్ మహమ్మద్ కిటికీలోంచి.

ఆమె తల ఎత్తింది. సైకిలు రోడ్డు నడుమకు వచ్చింది. ఆగిన ట్రాక్టరును దాటాక అడిగింది.

"గొంతు మారిందేందీ నీది?"

"దుమ్ము."

ఎడమపక్క కల్వర్టు గోడ కనపడుతోంది. మోకాలెత్తు గోడ. అది దాటితే రోడ్డు కిందికి దిగుతుంది. ఆపితే ఇక్కడే ఆపాలి.

"గోడ కాడికొస్తానే తొక్కేది ఆపు. బ్రేకు మెల్లగా పట్టు. మెల్లగా. ఎడమకాలు గోడ మీద పెట్టు."

దేవమ్మ తొక్కడం ఆపింది. సైకిలు ఒకసారి ఊగింది. ఆమె కాలు గోడను తాకింది, జారింది, మళ్లీ తాకి నిలిచింది. సైకిలు ఆగింది. వెనక బండి కూడా, వరిగడ్డిలో ఒక్క పోచైనా కదలకుండా ఆగింది.

ఆమె అప్పుడు వెనక్కి తిరిగింది.

"ఎవురప్పా నీవు? మా ఆయప్ప యాడ?"

నూర్ మహమ్మద్ వెనక్కి చెయ్యి చూపించాడు. రోడ్డు చివర రాజరత్నం కుంటుకుంటూ వస్తున్నాడు. దేవమ్మ అతన్ని చూసింది. అతనికీ తనకూ మధ్య ఉన్న రోడ్డును చూసింది.

"ఆడ్నుంచి నేనొక్కదాన్నే వచ్చినానా?"

"ఒక్కదానివే యాడ? వెనక మా చౌడమ్మ ఉండ్లా," అంది నాగేశ్వరమ్మ.

"మేం చర్చికి పొయ్యేటోళ్లం అక్కా."

"అయితే ఏమాయ? మాయమ్మ కూడా ఈ పొద్దు కొత్త ఊరికి పోతాంది. ఇద్దురూ భద్రంగా ఉంటిరి, సాలు."

దేవమ్మ గోడ మీద కూర్చుని నవ్వింది. తర్వాత మొగుడు అందేంత దగ్గరికి వచ్చాడు. నవ్వు ఆపి తిట్లకు దిగింది. బండి దాటిపోయాక కూడా ఆ తిట్లు కొంత దూరం వినపడ్డాయి.

నంద్యాలలో గుడి ముందు డప్పులు మోగుతున్నాయి. ముహూర్తానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. ఆచారి బండెక్కి గడ్డి తీశాడు. ముక్కు తడిమాడు. కుడిచేతి వేళ్లను బొటనవేలి నుంచి ఒక్కొక్కటే తడుముతూ పోయాడు. నూర్ మహమ్మద్ ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. చిటికెనవేలి దగ్గర ఆచారి చెయ్యి కాసేపు ఆగింది. కొన నుంచి మొదలు దాకా రెండుసార్లు తడిమి చెయ్యి తీశాడు. నూర్ మహమ్మద్ తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"యాడా బ్రేకు కొట్టలేదా?"

"బ్రేకా?" అంది నాగేశ్వరమ్మ. "సైకిలెనకాల నడిపిచ్చుకుంటా తెచ్చినాడు సామీ."

ఆచారి ఉలి చేతికి తీసుకుని విగ్రహం మొహం దగ్గర కూర్చున్నాడు.

"వచ్చే వారం నంది ఉంది. పొద్దున్నే బేగా రా."

"బేగా రాను సామీ," అన్నాడు నూర్ మహమ్మద్. "మెల్లగానే వస్తా."