గీకిన చోటు

పొద్దున్నే వచ్చి సొరుగులు తెరవడం, పాత పటం మీద నదిని అద్దుడు కాగితంతో ఒత్తడం చెల్లెలి పని. గనుల ఆఫీసులో మిగతా పటాలన్నీ పొడిగానే ఉంటాయి. ఎనభై ఏళ్ల నాటి ఈ నది పటం మాత్రం తెల్లారేసరికి చెమ్మ కారుతుంది. ఒత్తకపోతే కింద ఉన్నవన్నీ నానిపోతాయి.

ఒకసారి గట్టిగా ఒత్తేసింది. మర్నాడే నది ఒడ్డు నుంచి అక్క ఫోన్ చేసింది.

"మొద్దుమొహమా, మెల్లగా ఒత్తవే! ఇక్కడ గుడ్డలు తడుపుకోడానికి కూడా నీళ్లు లేవు."

"సర్లే అక్కా, అరవకు."

పటంలో ఆ ఒడ్డున పదకొండు నల్లచుక్కలు, పదకొండు ఇళ్లు. గని పెంచుతున్నారని పదిళ్లవాళ్లు గుట్ట మీదికి పోయారు. అక్క ఒక్కతే కదల్లేదు. గని కంటే ముందే ఇల్లుంది, పటమే సాక్ష్యం అని భీష్మించుకు కూర్చుంది. విచారణ ఎల్లుండే.

సాయంత్రం ఆఫీసరు పిలిచాడు. "ఆ చుక్కలన్నీ బ్లేడుతో గీకెయ్. నిన్ను పర్మినెంట్ చేసే కాయితం నా బల్ల మీదే ఉంది."

"అందులో మా అక్కిల్లుందండీ."

"ఇల్లు కూల్చమన్నానా? చుక్క గీకమన్నాను."

పన్నెండేళ్ల రోజుకూలీ బతుకు. ఎటూ ఖాళీ ఇళ్లేగా అనుకుని పది చుక్కలూ గీకింది. పదకొండోదాని మీదికి చెయ్యి పోలేదు. ఎవరు చూడొచ్చారులే అని వదిలేసింది.

ఆ పని నేర్పిన ముసలి పటాలాయన పక్కబల్ల నుంచి కేకేశాడు. "గీకినచోట గులకరాయితో రుద్దమ్మాయ్! లేకపోతే పక్కనున్న తడంతా తాగేస్తుంది."

రాయి అందుకునేలోపే ఆఫీసరు బూట్ల చప్పుడు. మిగిలిన చుక్క కంటబడుతుందని పటాన్ని గబుక్కున సొరుగులోకి తోసి తాళం వేసింది. రోజూలాగే తాళంచెవి ఆఫీసరు జేబులోకి పోయింది.

పొద్దున తెరిస్తే, గీకిన పదిచోట్లలోకీ నది పాకి ఉంది. నట్టనడుమ అక్క చుక్క, చుట్టూ నీలం. ఫోన్ చేసింది. అక్క ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

అద్దుడు కాగితం పరిచి ఒత్తింది. మెల్లగా, అక్క చెప్పినట్టే. ఎత్తి చూస్తే నల్లచుక్క కాగితానికి అంటుకుని వచ్చేసింది.

ఆఫీసరు వంగి చూశాడు. "భలే! జాడ కూడా లేదు." అక్కడికక్కడే కాయితం మీద సంతకం గీకి ఆమె ముందుకు తోశాడు. సిరా ఇంకా తడిగా మెరుస్తోంది.

"ఒత్తు, చెదిరిపోతుంది."

ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్క అద్దుడు కాగితమే. ఒత్తింది.