మీదే ఆ ముక్కు

చొక్కా గుండీలు పెడుతుంటే మా ఆయన బుద్ధిగా గడ్డం పైకెత్తి నిలబడతారు. ముప్పై ఏళ్ళుగా దర్జీ. ఏడాది నుంచి చొక్కాకి ఒక చెయ్యి పొడుగ్గా, ఒకటి పొట్టిగా కుడుతున్నారు. నడిస్తే కాళ్ళు విసిరేసినట్టు పడుతున్నాయి. పాత ఖాతాదార్ల పేర్లు కూడా గుర్తుండటం లేదు. తప్పు కుట్లు విప్పి మళ్ళీ కుట్టేది నేనే. ఎవరైనా అడిగితే మాత్రం "మా ఆవిడా? ఊరికే ఇంట్లో ఉంటుంది" అంటారు. ఆ మాట అనేటప్పుడు పడిపోకుండా నా భుజమే పట్టుకుంటారు కాబట్టి నాకు కోపం కంటే ముందు నవ్వొస్తుంది.

ఆయన్ని ఆస్పత్రిలో చేర్చాను. వెన్నులోంచి నీరు తీసి పరీక్షించాక డాక్టరమ్మ నన్ను ఒక్కదాన్నే పిలిచింది. సిఫిలిస్ అనే సుఖవ్యాధి అంది. ఆయనకి వయసులో ఉన్నప్పుడు అంటుకుని, ఇన్నేళ్ళూ ఒంట్లో నక్కి, ఇప్పుడు మెదడుకీ నరాలకీ పాకిందట. రెండు వారాల ఇంజెక్షన్లతో ఇంకా ముదరకుండా ఆపవచ్చు గానీ పోయినదంతా తిరిగి రాదట. నా రక్తంలోనూ ఉంది.

"పిల్లలు?" అని అడిగింది.

ఇద్దరూ ఎనిమిదో నెలలో కడుపులోనే పోయారన్నాను. ఆవిడ కలం కింద పెట్టేసింది.

"దీనివల్లే అయ్యుంటుందమ్మా. అప్పుడే కనిపెట్టి ఉంటే బతికేవాళ్ళేమో."

వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చుని అడిగాను. దాచుకోవడం కూడా మరిచిపోయారో ఏమో, సూటిగా చెప్పేశారు.

"పెళ్ళికి ముందు పుండొకటి లేచింది. దానంతటదే మానిపోయింది. సిగ్గేసి ఎవరికీ చెప్పలా."

చెబుతూ నా చెయ్యి పట్టుకున్నారు. విదిలించుకోవాలనిపించింది. ఇరవై ఏళ్ళుగా నాకు అలవాటైన చెయ్యి అది. వదల్లేకపోయాను.

సాయంత్రం అత్తగారు వచ్చి నన్ను వరండాలోకి లాక్కెళ్ళారు. "ఏ జబ్బయినా సరే, ఊళ్ళో నరాల బలహీనత అని చెప్పేద్దామే," అన్నారు. "నీది నిలుపుకునే కడుపు కాదు" అని ఇన్నేళ్ళూ అన్నదీ ఈవిడే.

"ఊళ్ళోవాళ్ళకి మీ ఇష్టం అత్తయ్యా. మీకు మాత్రం నిజమే చెప్తాను," అన్నాను. జబ్బు పేరూ, పిల్లల సంగతీ అన్నీ చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి కొడుకు మొహంలోకి చూశారు.

"నిజమేనమ్మా," అన్నారాయన.

ఆవిడ మంచం అంచున కూర్చున్నారు. నా వైపు తిరిగారు. రెండు కాన్పులకీ ఆస్పత్రి గడప తొక్కని మనిషి.

"మొదటిది ఆడపిల్లా?" అని మెల్లగా అడిగారు.

ఇంతవరకూ ఆ మాట నన్నెవరూ అడగలేదు.

"ఆడపిల్లే అత్తయ్యా. ముక్కు అచ్చం మీదే."