పోనీలే అత్త

మేనల్లుడి ఆట ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి అత్త పేపరు చూడదు. ఆమెది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం. అతను ఆడొచ్చిన తెల్ల ప్యాంటు విప్పి చూస్తే చాలు, సంగతంతా తెలిసిపోతుంది. మొదటి సీజనులో ఆ ప్యాంటు మోకాళ్ళ నిండా మట్టితో, పక్కన గడ్డి పసరుతో వచ్చేది. చొక్కా వీపు మీద చెమట ఉప్పు చారలు కట్టేది. రుద్దీ రుద్దీ ఆమె చేతులు పడిపోయేవి. అడుగుపెట్టిన మ్యాచ్‌లోనే వంద కొట్టాడాయె, అభిమానులు అతనికి తారాజువ్వ అని పేరు పెట్టారు. రెండో సీజనుకి ఆ పేరు అరిగి జువ్వ అయింది. ఇప్పుడు తుస్సు అంటున్నారు. ప్యాంటు మాత్రం ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగొస్తోంది.

శనివారం సాయంత్రం అతను సంచీ పట్టుకుని దుకాణానికి వచ్చేసరికి ఇస్త్రీ బల్ల దగ్గర అత్త కూతురు ఉంది. ప్యాంటు తీసి దీపం వెలుతురుకి పట్టి చూసింది.

"బావా, దీనికి మళ్ళీ ఇస్త్రీ దేనికి? పోయిన వారం నేను పెట్టిన మడత చెక్కుచెదరలేదు. నడిచి వెళ్ళి నడిచి వచ్చేశావా?"

"వెళ్ళేటప్పుడు నడిచాను. వచ్చేటప్పుడు కాస్త తొందరగానే వచ్చాను, జనం అరుస్తుంటే."

"మంచిదే. మాకు సబ్బు ఆదా."

"నోరు అదుపులో పెట్టుకోవే," అంది అత్త. "వాడి ముఖం చూడు ముందు."

అతను ఉతకాల్సిన దుప్పట్ల కుప్ప మీద కూలబడ్డాడు. రేపటి మ్యాచ్ ఆఖరి అవకాశమట. రేపు కూడా ఇంతే అయితే జట్టులోంచి తీసేస్తామని కోచ్ మొహం మీదే చెప్పేశాడట.

"ఎక్కడొస్తోందిరా తేడా?" అంది అత్త.

"అది తెలిస్తే ఇక్కడెందుకు కూర్చుంటానత్తా? మోచెయ్యి ఎత్తమని కోచ్ అంటాడు. దించమని కెప్టెన్ అంటాడు. మొన్న మంగలి కూడా తల కదపొద్దన్నాడు."

"జుట్టు కత్తిరిస్తూ అన్నాడా?" అంది మరదలు.

"ఆఁ."

"అది జుట్టు కోసం అని ఉంటాడు బావా."

అతను మెడ తడుముకున్నాడు. "అయ్యుండొచ్చు. అప్పట్నుంచీ మెడ బిగబట్టి ఆడుతున్నాను, నొప్పి కూడా పట్టేసింది." తర్వాత గొంతు తగ్గించి, "దూరంగా పోయే బంతిని పోనివ్వలేకపోతున్నానత్తా. ఎవరో లాగినట్టు బ్యాటు దాని వెనకాలే వెళుతుంది. అంచుకి తగిలి వెనకున్నవాడి చేతిలో పడుతుంది," అన్నాడు.

"మొదట్లో ఏం చేసేవాడివి మరి?"

"ఏమీ చేసేవాణ్ణి కాదు. ఏమీ చెయ్యకుండా ఎలా ఉన్నానో అదే గుర్తు రావడం లేదు."

అత్తకి ఆట తెలియదు. పరుగు తీస్తే మంచిదని, వెనక కర్రలు పడితే చెడ్డదని మాత్రం తెలుసు. మొదటి సీజనంతా ఆమె మైదానం అంచున కూర్చుని, బంతి బ్యాటుకి తగలకుండా పోయినప్పుడల్లా "పోనీలే నాన్నా" అని గొంతెత్తి ఓదార్చేది. తల్లిలేని పిల్లాణ్ణి పెంచిన నోరు, ఊరుకోమంటే ఊరుకోదు. పేరొచ్చాక అతనే నసుగుతూ చెప్పాడు, "నువ్వు రాకత్తా, జట్టులో అందరూ నన్ను పోనీలే నాన్నా అని పిలుస్తున్నారు" అని. ఆమె మనసు చివుక్కుమంది. వెళ్ళడం మానేసింది.

ఆదివారం పొద్దున్నే కూతురు దుకాణానికి తాళం వేసి, తల్లిని బయల్దేరదీసింది.

"రావద్దన్నాడు కదే."

"నిన్ను చూస్తే కదా? స్కోరు బోర్డు పక్కన మూలకి కూర్చుందాం. నువ్వు నోరు విప్పకుండా ఉంటే చాలు."

"నేనేం మాట్లాడతానే?" అని మొదలుపెట్టి, అత్త దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది.

అతను బ్యాటు పట్టుకుని మైదానంలోకి వస్తుంటే ఓ పక్క నుంచి "తుస్సు, తుస్సు" అన్నారు. మొదటి బంతి దూరంగా పోయింది. బ్యాటు దాని వెనకాలే వెళ్ళింది, వెంట్రుకవాసిలో తప్పింది. అత్త చేత్తో నోరు మూసుకుంది. రెండోదీ అంతే. ఈసారి అత్త నోటి మీది చెయ్యి జారింది.

"పోనీలే నాన్నా!"

మైదానం చిన్నది, గాలి కూడా అటే వీస్తోంది. అతను తలెత్తి స్కోరు బోర్డు వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. వెనకున్న కీపర్, "మీ అత్తగారొచ్చినట్టున్నారే," అని నవ్వాడు.

మూడో బంతి ఇంకా దూరంగా వచ్చింది. బ్యాటు కాస్త కదిలింది. అంతలోనే భుజం మీదికి లేచి అక్కడే ఆగిపోయింది. అతను తాపీగా నిలబడి, బంతి వెళ్ళిపోవడం చూశాడు.

"అయ్యో, ఈసారి అసలు కదల్లేదే వీడు," అంది అత్త. "పోనీలే నాన్నా, పోనీ."

"అమ్మా, బావ కావాలనే వదిలేశాడు."

"ఊరుకోవే, వెనకేసుకు రాకు. నాకు కళ్ళు లేవా?"

ఆ తర్వాత దూరంగా వచ్చిన ప్రతి బంతికీ ఆమె ఓదార్చింది, అతను బ్యాటు ఎత్తేశాడు. ముందు పక్కవాళ్ళు నవ్వారు. తర్వాత వాళ్ళూ అందుకున్నారు. కాసేపటికి తుస్సు అన్న వరసే గొంతు కలిపి "పోనీ" అంటోంది. బౌలర్‌కి ఒళ్ళు మండిపోయింది. నడుం మీద చేతులు పెట్టుకుని జనాన్ని ఓసారి చూసి, పరుగెత్తుకొచ్చి తిన్నగా వికెట్ల మీదికే వేశాడు. ఆ చప్పుడు బ్యాటు మధ్యలోంచి వచ్చింది. అత్తకి ఆట తెలియకపోయినా ఆ చప్పుడు తెలుసు.

వంద కాలేదు. డెబ్బై దాటాక అవుటయ్యాడు.

మర్నాడు అతను దుకాణంలోకి రాగానే మరదలు సంచీ లాక్కుని ప్యాంటు విప్పింది. మోకాళ్ళ దగ్గర మట్టి, పక్కన అరచెయ్యంత గడ్డి మరక.

"సబ్బంతా దీనికే పోయేట్టుంది," అంది మొహం ముడుచుకుని. ఆ చిరాకు ఎంతోసేపు నిలవలేదు.

"జట్టులో ఉంచారత్తా," అన్నాడు అతను. "వచ్చే ఆదివారం మళ్ళీ ఉంది. నువ్వు రావాలి."

"నేనెందుకురా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ."

"అది కాదురా." అత్త మరక మీద నీళ్ళు చల్లి బ్రష్ అందుకుంది. "అన్నేసి బంతులు నీకు తగలకుండా పోతుంటే నా ప్రాణం ఉసూరుమంది. నిన్న ఎన్ని తప్పిపోయాయని! అయినా సిగ్గుపడకుండా నిలబడ్డావు చూడు, అందుకు మెచ్చుకోవాలి నిన్ను."

అతను చెప్పబోయి మరదలి వైపు చూశాడు. ఆమె నవ్వు బిగబట్టి పక్కకి తిరిగింది.

"పోనీలే అత్తా," అన్నాడు.