ముందు తలుపుల స్పీకర్లు

పొద్దున ఎనిమిదింటికి కారులో ఆవిడ "గొడుగు తెచ్చుకున్నారా?" అని అడిగితే, ఆయన రాత్రి ఎనిమిదింటికి కంచం ముందు కూర్చుని "తెచ్చుకున్నాను" అనేవాడు. అప్పటికి వాన కురిసి వెలిసిపోయి, గొడుగు వరండాలో ఆరిపోయి కూడా ఉండేది.

ఆయన కట్టుడు పళ్ళు చేసేవాడు. డాక్టర్లు పంపిన అచ్చుల మీద పళ్ళు అమర్చి, అరగదీసి, నునుపు చేసి, చిన్న అట్టపెట్టెల్లో సర్ది, తన పాత కారులో తిరిగి వాళ్ళకే చేరవేసేవాడు. అందరూ పళ్ళాయన అనేవాళ్ళు. భార్య మందుల షాపులో పని చేసేది. రోజూ పొద్దున ఆవిడని షాపు దగ్గర దింపి, తను వర్క్‌షాపుకి వెళ్ళేవాడు.

ఆయనకి శబ్దాలు పన్నెండు గంటలు ఆలస్యంగా చేరేవి. చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేసి, "వినికిడి బాగానే ఉంది, రావడమే ఆలస్యం" అని కాగితం మీద రాసి చుక్కల మందు ఇచ్చాడు. పక్కింటావిడ, "మా ఆయనకి అసలు చేరనే చేరవు, మీ పనే నయం" అని ఊరుకుంది. అర్జంటు సంగతులకి చీటీలుండేవి. కారు నడపడానికి అద్దాలు సరిపోయేవి. పొద్దున రోడ్డు మీద మోగిన హారన్లు మాత్రం రాత్రి భోజనం దగ్గర వినిపించి ఉలిక్కిపడేవాడు. ఆ వేళకి ఆవిడ నీళ్ళ గ్లాసుని కాస్త పక్కకి జరిపి ఉంచేది.

ఇది మూడేళ్ళ కిందట మొదలైంది. వాళ్ళకి పాప పుట్టి పదకొండు రోజులు బతికింది. పన్నెండో రోజు పొద్దున డాక్టరు బయటికి వచ్చి ఆ మాట చెప్పాడు. ఆయన తలూపి, గోడకి అంటించిన నోటీసు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. అరగంట తర్వాత ఆ మాట చెవిన పడింది. అప్పుడు నడవాలో కింద కూర్చుండిపోయాడు. మర్నాటి నుంచి మాటలు గంట, మూడు గంటలు, ఆరు గంటలు వెనకబడుతూ వచ్చి పన్నెండు దగ్గర ఆగిపోయాయి. ఇద్దరూ దానికి అలవాటు పడ్డారు. ఆ మూడేళ్ళలో వాళ్ళు దేనికైనా అలవాటు పడిపోయేవాళ్ళు.

ఒక ఆదివారం ఆవిడ చీటీ రాసింది. "కారు స్పీకర్లు మార్పిద్దాం. తమ్ముడితో మాట్లాడాను."

కారుతో పాటు కంపెనీ నుంచి వచ్చిన స్పీకర్లే ఇంకా ఉన్నాయి. వాటి లోపలి కాగితం చిరిగి, ఏ పాట పెట్టినా రేకుడబ్బాలో బఠానీలు పోసి ఊపినట్టుండేది. ఎందుకని ఆయన అడగలేదు. సరే అన్నాడు. ఏది చెప్పినా సరే అనేవాడు.

ఆవిడ తమ్ముడికి కార్లలో పాటల సెట్లు బిగించే షెడ్డు ఉంది. ఆ సాయంత్రమే ఇద్దరూ కారు తీసుకుని అక్కడికి వెళ్ళారు. పళ్ళాయన ఎదురుగా ఉన్న కొట్టుకి టీ తాగడానికి వెళ్ళాక, తమ్ముడు కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"అక్కా, నీ దగ్గరున్న డబ్బుకి అన్నీ రావు."

"ఎంతవరకు వస్తే అంతే చెయ్యి."

"అయితే వెనక స్పీకర్ల జోలికి పోవద్దు. డిక్కీలో పెద్ద డబ్బాలు పెట్టించుకునేవాళ్ళని చూసి మోజుపడొద్దు. ముందు తలుపులు రెండే. వాటికి మంచివి వేస్తా. పాటలు పెట్టే డెక్కు కొత్తది వద్దు, ఎవరో వాడి తీసేసింది ఒకటుంది, అది పెడతా." తలుపు మీద వేలితో తట్టాడు. డొల్లగా మోగింది. "విన్నావా? అసలు రోగం ఇది. లోపలంతా కంతలే. ఎంత మంచి స్పీకరైనా శబ్దం ఇందులో పడి తిరుగుతూ ఉంటుంది, మనిషికి చేరదు. వీటిని మూస్తే సగం పని అయినట్టే. దానికి ఖర్చు తక్కువ, చాకిరీ ఎక్కువ. ఇంతకీ బావకి ఇప్పుడు పాటల మీద మనసు పుట్టిందా ఏంటి?"

"లేదు. నేను లేకపోతే కారులో ఏదో ఒకటి మోగుతుండాలి కదా."

తమ్ముడు అక్క మొహం చూశాడు.

"మా మందుల షాపు వాళ్ళు ఇంకో ఊళ్ళో కూడా తెరుస్తున్నారు," అంది ఆవిడ. "నన్ను రమ్మన్నారు. గురువారం వెళ్తున్నా."

"బావకి చెప్పావా?"

"గురువారం పొద్దున కారులో చెప్తా. రాత్రికి వినిపిస్తుంది."



బుధవారం పళ్ళాయన ఒక్కడే కారు తీసుకెళ్ళి, పనయ్యేదాకా స్టూలు మీద కూర్చున్నాడు. తమ్ముడు తలుపుల లోపలి అట్టలు ఊడదీసి, మట్టి తుడిచి, నల్లటి జిగురు షీట్లు అతికించి, రోలరుతో అంగుళం అంగుళం అదిమాడు. ఒక్క కంత వదల్లేదు. చెక్క రింగులు కోసి, వాటి మీద కొత్త స్పీకర్లు బిగించాడు. తర్వాత బావని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఆయన చెవి నుంచి ఒక్కో తలుపుకీ టేపు పట్టి కొలిచి, అట్టముక్క మీద రాసి చూపించాడు. "నీ పక్క స్పీకరు దగ్గర, అవతలిది దూరం. దగ్గరదాన్ని రవ్వంత ఆపితే రెండూ నీకు ఒకేసారి చేరతాయి."

తనూ పక్క సీట్లో కూర్చుని డెక్కులో అంకెలు నొక్కి, తలుపులు మూసి, పాట పెట్టాడు.

"ఎలా ఉంది బావా?" అన్నాడు, జవాబు కోసం కాదు, నోటి అలవాటు కొద్దీ.

"బాగుంది," అన్నాడు పళ్ళాయన.

తమ్ముడి వేలు డెక్కు మీదే ఆగింది. తలుపు తీసుకుని బయటికి దిగి, "ఇప్పుడు?" అన్నాడు. పళ్ళాయన అతని పెదాల వైపు చూస్తూ ఊరుకున్నాడు. మళ్ళీ ఎక్కి తలుపు మూసి, "ఇప్పుడు?"

"ఇప్పుడు వినిపించింది."

"అయితే పని కుదిరినట్టే," అని తమ్ముడు టేపు చుట్టేశాడు. తలుపు తీయకుండానే, "రేపు అక్కని నువ్వే దింపు బావా," అన్నాడు.

"రోజూ నేనే దింపుతాను."

తమ్ముడు అక్కకి ఫోను చెయ్యలేదు. పళ్ళాయన కూడా ఇంటికెళ్ళి ఏమీ చెప్పలేదు. ఎవరికైనా పళ్ళు అచ్చంగా అతికినా ఆయన ఇంట్లో చెప్పేవాడు కాదు.

గురువారం పొద్దున ఆవిడ ఒక పెద్ద సంచి వెనక సీట్లో పెట్టి, ముందు కూర్చుని తలుపు వేసుకుంది. "బస్టాండు" అని రాసిన చీటీ ఆయన ముందు పెట్టింది. ఆయన చదివి కారు తిప్పాడు. పాట సన్నగా మోగుతోంది. ఆవిడ ఎదుటి అద్దంలోకి చూస్తూ మాట్లాడింది.

"ఇది మీకు వినిపించేసరికి నేను వేరే ఊళ్ళో ఉంటాను. అక్కడి షాపులో చేరుతున్నా. కోపంతో కాదు. చుక్కల మందు ఫ్రిజ్ మీద ఉంది. గ్యాసు మొన్ననే మార్చాను."

సిగ్నలు దగ్గర కారు ఆగింది.

"రాత్రుళ్ళు నేను ఏడ్చేదాన్ని. అది మీకు మర్నాడు పొద్దున వర్క్‌షాపులో వినిపించేది. మీరు అక్కడ ఏడ్చేవారు. నాకు తెలుసు, మీ జేబురుమాలు అచ్చుల పొడితో గట్టిపడి ఉండేది. మూడేళ్ళండీ. ఒక్కసారైనా ఇద్దరం ఒకే వేళకి ఏడవలేదు. అదే నావల్ల కావడం లేదు."

సిగ్నలు మారింది. ఆయన గేరు వేశాడు.

"బస్సు ఎన్నింటికి?"

"తొమ్మిదింబావుకి," అంది ఆవిడ.

అన్నాకే ఆయన వైపు తిరిగి చూసింది. రెండు వీధులు దాటాయి.

"ఎప్పట్నుంచి వినిపిస్తోంది?"

"నిన్నట్నుంచి. కారులోనే. తలుపులు మూస్తేనే."

"చెప్పలేదేం?"

"తోచలేదు."

ఆవిడకి కోపం రాలేదు. రావలసిన చోట ఏదీ రాకపోవడం ఆవిడకీ అలవాటే. బస్టాండు గేటు వచ్చింది. ఆయన వేగం తగ్గించలేదు.

"దాటిపోయాం," అంది.

"చూశాను."

"నేను వెళ్ళాలి. ఈ రోజు చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు."

"అక్కడికే వెళ్తున్నాం."

"మరి మీ పని?"

"పళ్ళు ఊడేవాళ్ళు ఆ ఊళ్ళో మాత్రం ఉండరా?"

ఆవిడ నవ్వలేదు. ఊరు దాటి పెట్రోలు బంకు వచ్చాక ఆవిడకి ఏడుపొచ్చింది. పెద్దగా కాదు, ముక్కు ఎగపీలుస్తూ. అది ఆయనకి అప్పుడే వినిపించింది. కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆయనకి ఏడుపు రాలేదు.

"పాప తొమ్మిదో రోజు తుమ్మింది," అన్నాడు.

"రెండుసార్లు," అంది ఆవిడ. "రెండోదానికి తనే భయపడింది."

అప్పుడు ఆయనకీ వచ్చింది. లారీలు పక్కనుంచి పోతుంటే కారు కొద్దిగా ఊగుతోంది. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. ఎవరూ ఆపలేదు.

మధ్యాహ్నానికి ఆ ఊరు చేరారు. ఆవిడ షాపుకి వెళ్ళి చేరినట్టు సంతకం పెట్టి వచ్చింది. షాపు వెనక వీధిలో మేడ మీద వాటా ఒకటి ఖాళీగా ఉందంటే చూడటానికి వెళ్ళారు. అద్దెకిచ్చే ఇంటాయన కారు పక్కన నిలబడి ఏవో షరతులు చెప్పసాగాడు. పళ్ళాయన ఆయన పెదాల వైపు చూస్తున్నాడు. ఆవిడ వెనక తలుపు తీసింది.

"కాస్త లోపల కూర్చుని చెప్పండి. బయటి మాటలు ఈయనకి రాత్రికి గాని చేరవు."

ఇంటాయన సరేనని చెప్పులు దులుపుకుని ఎక్కి, సీట్లో ఉన్న ఆవిడ సంచిని ఒళ్ళో పెట్టుకుని తలుపు వేసుకున్నాడు. వాళ్ళిద్దరూ ముందు కూర్చుని తలుపులు మూశారు.

"ఉండేది ఎంతమంది?"

పళ్ళాయనకి ఆ ప్రశ్న వినిపించింది. భార్య వైపు చూశాడు. ఆవిడ అద్దంలోంచి ఆ ఇంటి మెట్లు చూసింది.

"ఇద్దరం," అంది.

"అయితే నీళ్ళు పొద్దున ఆరింటికి వస్తాయి. ఒక్క గంటే," అని చెప్పి, ఇంటాయన సంచి పక్కన పెట్టి దిగాడు.