వెనక్కి పడే కల

నా దగ్గర దిండు కుట్టించుకున్నవాళ్ళలో పదిమందికి ఒకరైనా తిరిగొస్తారు, కలలు బాగుండడం లేదని. ఎవరూ పరుపును అనరు, మంచాన్ని అనరు. తప్పంతా దిండుదే.

మొదట్లో నవ్వుకునేదాన్ని. తర్వాత అడగడం నేర్చుకున్నాను. నీళ్ళలో మునిగిపోతున్నానన్న తాపీమేస్త్రీ దిండు విప్పితే, దూదంతా రెండు పక్కలకీ చేరి నడుమ గుంట పడింది. ముక్కు అందులో కూరుకుపోతోంది. ఎవరో తల నరుకుతున్నారన్న పంతులుగారి దిండు మరీ ఎత్తు. రెండు గుప్పిళ్ళ దూది తీశాను, ఆయన తల దక్కింది. పీకలదాకా తిని పడుకునేవాళ్ళవి కడుపు కలలు. రేపటి సంగతి తలుచుకుని వణికేవాళ్ళవి బెంగ కలలు, వాటికి నా దగ్గర మందు లేదు. పోయిన మా ఆయన ఇప్పటికీ కలలోకొచ్చి చెప్పుల కోసం వెతుక్కుంటాడు. ఆ కలకు అర్థమేమిటని నేను అడగలేదు. చెప్పులు చూపించి పంపుతాను.

యాభై దాటాక నాలుగక్షరాలు వచ్చినప్పటినుంచి ప్రతి దిండులోనూ ఒక చీటీ పెట్టి కుడుతున్నాను. ఎవరిది, ఏం కల, ఏం సరిచేశాను అని.

ఈసారి కల నా ఇంట్లోనే పుట్టింది.

మా అమ్మాయి రేవులో క్రేను నడపడం నేర్చుకుంటోంది. సోమవారం పరీక్ష. నెగ్గితే క్రేను తనది. తప్పితే ఇంకో ఏడాది కింద నిలబడి గొలుసులు తగిలించడమే. సరిగ్గా ఆ ముందు వారం కల పట్టుకుంది. క్రేను మీదినుంచి పడిపోతుందట. చెమటలు పట్టి లేచేది. పగలు లివరు పట్టుకున్నా అదే గుర్తొస్తోందని చెప్పింది.

మా ఆయన అక్క మాతోనే ఉంటుంది. కలలకు అర్థాలు చెప్పడంలో వదినకు గొప్ప పేరు, ఆ పేరు పెట్టుకున్నది తనే.

"పడినట్టు కలొస్తే పడతారే మరదలా. దాన్ని వెళ్ళనివ్వకు."

"కిందటేడు నీ పళ్ళు రాలినట్టు కలొస్తే ఇంట్లో ఎవరికో మూడిందన్నావు. ఎవరికి మూడింది వదినా?"

"నా పన్నుకే. పీకించుకోలేదూ?"

అమ్మాయి నవ్వలేదు. "అత్త అన్నది నిజమేనేమో అమ్మా. పరీక్షకి రానని చెప్పేస్తా."

"రెండు రోజులు ఆగు," అన్నాను.

దాని దిండు విప్పి, దూది ఏకి, ఎత్తు తగ్గించాను. మర్నాడూ పడింది. దిండే లేకుండా పడుకోబెట్టాను. అయినా పడింది. కడుపు కల అనుకుందామంటే మెతుకు ముట్టడం లేదు. ఇక మిగిలింది బెంగ. కానీ బెంగ రోజుకో వేషం కడుతుంది. ఈ కల ఒక్క రోజూ వేషం మార్చలేదు.

శనివారం పొద్దున్నే దాన్ని వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి రెండు చేతులకీ గరిటెలిచ్చాను.

"ఇదేంటమ్మా?"

"లివర్లనుకో. ఎలా పడతావో చూపించు."

కళ్ళు మూసుకుంది. "బరువు దించుతుంటా. బ్రేకు తొక్కుతా. అప్పుడు..." కాలు చాచింది, నడుము వెనక్కి వాలింది.

"ముందుకి పడవా?"

"ఎప్పుడూ వెనక్కే."

ఎత్తంటే భయమున్నవాళ్ళు కిందికి చూస్తారు, ముందుకి పడతారు. కూర్చున్న మనిషి వెనక్కి పడుతోందంటే, కూర్చున్న చోటునే అనుమానించాలి.

"నీ సీటెలా ఉంది?"

"బానే ఉంది. రోజూ కూర్చుంటున్నాగా."

"ఇవాళ కూర్చోకు. వెనక నిలబడి, రెండు చేతులతో గుంజి చూడు."

"కలొచ్చిందని సీటు విప్పమంటావా? రేపు మీ అత్తకొస్తే క్రేనే విప్పాలి," అని నవ్వాడట రేవులో వాళ్ళ ఫోర్‌మన్. ఆయన చూస్తుండగానే ఇది గుంజింది. టక్కుమని సీటు వేలెడు జరిగింది. విప్పి చూస్తే, సీటును పట్టి ఉంచే గొళ్ళెం సగం అరిగిపోయి ఉంది. బ్రేకు తొక్కినప్పుడల్లా సీటు కాస్త జారి, మళ్ళీ చోటుకి వస్తోంది. పనిలో మునిగిన మనసుకు అది తెలియలేదు, నడుముకు తెలిసింది. పగలు వినేవాళ్ళు లేక, నడుము నిద్రలో చెప్పుకుంది.

ఫోర్‌మన్ నవ్వు ఆపి కొత్త గొళ్ళెం వేయించాడు. ఆ రాత్రి అమ్మాయి మళ్ళీ దిండు వేసుకుని, ఎండ మొహాన పడేదాకా నిద్రపోయింది.

సోమవారం నేనూ వదినా రేవు కంచె బయట నిలబడ్డాం. పరీక్ష చూడ్డానికి తేలిక. అంచుదాకా నీళ్ళు నింపిన బకెట్టును కొక్కేనికి తగిలిస్తారు. దాన్ని పేర్చిన పెట్టెల మీదుగా దాటించి, అవతల స్టూలు మీద దించాలి. స్టూలు మీదా చుట్టూ నేల మీదా కాగితాలు పరిచారు, చుక్క పడితే తెలిసిపోతుంది. మొదటివాడు దారిలోనే సగం ఒలికించాడు. రెండోవాడు స్టూలుదాకా తెచ్చి, దించడంలో తొణికించాడు.

మా అమ్మాయి బకెట్టు పెట్టెలు దాటింది. దిగడం మొదలైంది. వదిన నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. స్టూలుకు జానెడు పైన బకెట్టు ఆగింది. అక్కడే బ్రేకు. ఊగలేదు. ఆ తర్వాత, గుడ్ల మీద కోడి కూర్చున్నట్టు, మెల్లగా కూర్చుంది.

ఫోర్‌మన్ కాగితాల చుట్టూ తిరిగాడు. అరచేత్తో తడిమి చూశాడు. ఒకదాన్ని తీసి, క్యాబిన్‌కి కనిపించేలా తలమీదికి ఎత్తి పట్టుకున్నాడు. పొడి కాగితం. రేవంతా ఈలలు. అంత ఎత్తునుంచి, కిటికీలోంచి నడుముదాకా బయటికొచ్చి చెయ్యి ఊపింది నా కూతురు.

"నే చెప్పలా," అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ.

"ఏం చెప్పావు?"

"పడినట్టు కలొస్తే పైకెక్కుతారని."

సాయంత్రం దాని దిండు విప్పి, తీసిన దూదంతా మళ్ళీ నింపాను. చీటీ రాశాను. 'మా అమ్మాయి. వెనక్కి పడే కల. దిండు తప్పు కాదు.' కుట్టబోతూ ఆగి, కింద ఇంకో మాట చేర్చాను.

'క్రేను నడుపుతుంది.'