శనివారం రొట్టె

నాకు అనుమానం ఎక్కువని మా ఆవిడ శ్యామసుందరి ఊరంతా చెబుతుంది. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. గోడ బీట వారితే ఎందుకు వారిందో, వారకపోతే ఎక్కడ వారబోతోందో చూడటం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా మెల్‌బోర్న్‌లో ఆ పనికే జీతం తీసుకుంటున్నవాణ్ణి, ఇంటికొచ్చి కళ్లు మూసుకు కూర్చోమంటే ఎలా? వెర్రిబీలో మా ఇంటికి నాలుగు కెమెరాలున్నాయి. ఐదోది పెట్టిస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు.

అలాంటి నాకు దొరికిన కుక్క, ప్రపంచంలో ఎవర్నైనా నమ్మేసే కుక్క. లాబ్రడార్‌కీ, ఇక్కడ గొర్రెలు కాసే కెల్పీ జాతికీ పుట్టి ఉంటాడని కుక్కల షెల్టర్‌వాళ్ల అంచనా. ఒళ్లంతా నలుపు. వాళ్లు పెట్టిన పేరు జాస్పర్. అది మా ఆవిడ నోట్లో పడి వారం తిరక్కుండా జాంపండు అయిపోయింది. మాకంటే ముందు రెండు కుటుంబాలు వాణ్ణి తీసుకెళ్లి మళ్లీ తెచ్చి అప్పజెప్పాయి. రెండుచోట్లా కారణం ఒకటే, అతిస్నేహం. మనిషి కనబడితే చాలు, ముందుకాళ్లెత్తి గుండెలమీదికి ఎగబడతాడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడైనా సరే, కన్నతండ్రి వచ్చినంత సంబరం. నేను చచ్చినా అలా ఉండలేను. అందుకేనేమో వాడంటే నాకు ప్రాణం.

ఆఫీసులో గ్రాహం ఒకసారి నన్ను కౌజుపిట్టల వేటకు తీసుకెళ్లాడు. తుపాకీ నాకు పెద్దగా ఎక్కలేదు గానీ, అతని కుక్క చేసే పని చూసి మతిపోయింది. తుపాకీ పేలినా కదలకుండా కూర్చుంటుంది. ఈల వేస్తే బాణంలా వెళ్లి, గడ్డిలో పడిన పిట్టను ఈక కూడా నలగకుండా నోట కరిచి తెచ్చి యజమాని చేతిలో పెడుతుంది. మా జాంపండు ముక్కు చూస్తే వీడూ అలా కాగలడనిపించింది. శనివారం పదింటికల్లా లిటిల్ రివర్ దగ్గర రాస్ అనే పెద్దాయన పొలానికి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. ఆయన జీవితమంతా వేటకుక్కలకే పాఠాలు చెప్పాడు. పిట్టకు బదులు గుడ్డ చుట్టిన డమ్మీ విసిరి నేర్పుతాడు. వాడి నోరు ఎంత మెత్తనంటే కోడిగుడ్డు పట్టినా పగలదని మొదటిరోజే అన్నాడు. చిక్కల్లా ఒక్కటే. డమ్మీ తెస్తూ తెస్తూ దారిలో ఎవరైనా కనబడితే దాన్ని అక్కడే పారేసి పలకరించడానికి పోతాడు.

ఏప్రిల్‌లో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. జాంపండు గొలుసు తెంచుకొచ్చి పంతులుగారిని వెల్లకిలా పడేసి, మొహమంతా నాకి, ప్రసాదం సగం తినేశాడు. ఆ సాయంత్రం మా ఆవిడ తేల్చి చెప్పేసింది.

"ఏమండీ, జూన్‌లో ఆ వేటకుక్కల క్లబ్ వాళ్ల టెస్ట్ ఉందన్నారుగా. పాసయితే వీడు మనింట్లో ఉంటాడు. ఫెయిలయితే మండే మార్నింగ్ షెల్టర్‌లో దింపేసి వస్తారు. ప్రామిస్ చేయండి."

చేశాను. మూడోసారి వెనక్కొచ్చిన కుక్కను ఎవరు తీసుకుంటారు?

అప్పట్నుంచే అనుమానం మొదలైంది. మిగతా రోజుల్లో ఇంటి వెనక బాగానే పరిగెత్తేవాడు. శనివారం రాస్ పొలానికి వెళ్లేసరికి బద్ధకం. నేను ఇచ్చే లివర్ ముక్కమీద కూడా ఆశ లేదు. వాడి కడుపు నిండుగా ఉండేది. నోరు వాసన చూశాను. నువ్వులనూనె!

మొదట మా ఆవిడనే అనుమానించాను. దాచుకోవడమెందుకు? వాడు ఫెయిలయితే ఆవిడకు పీడ వదిలిపోతుంది కదా. వంటింట్లో నువ్వులనూనె సీసా మీద పెన్నుతో గీత గీశాను. వారమైనా మట్టం దిగలేదు. గీత మాత్రం ఆవిడ కంటబడింది. రెండురోజులు మాటల్లేవు.

అప్పుడు పక్క గేటు కెమెరా రికార్డింగు వెనక్కి తిప్పి చూశాను. శనివారం ఉదయం ఆరూ పది. తలమీదుగా శాలువా కప్పుకున్న ఒకావిడ గేటు దగ్గర గొంతుక్కూర్చుని, గాజుల చెయ్యి సందులోంచి లోపలికి పెట్టి రొట్టె తినిపిస్తోంది. మా వాడు తోకతో నేలంతా ఊడ్చేస్తున్నాడు. మనిషిని గుర్తుపట్టాను. రెండిళ్లవతల ఉండే చలపతిగారి భార్య కనకదుర్గ.

ఇక చుక్కలన్నీ కలిశాయి. ఫిబ్రవరిలో, మా కుక్క మొరుగుతోందని పేరు లేకుండా ఎవరో కౌన్సిల్‌కి ఉత్తరం రాశారు. ఆ తర్వాత్నుంచే చలపతిగారు నన్ను చూసి చెయ్యి ఊపడం మానేశారు. పగలు కూడా కర్టెన్లు తీయరు. కారు నెలరోజులుగా కదల్లేదు. ఎదురుపడితే తల దించుకుని, అడుగులో అడుగేసుకుంటూ లోపలికి పోతారు. తప్పు చేసినవాడి నడక కాక మరేమిటది?

"అడిగితే పోలా? మనవాళ్లేగా," అంది మా ఆవిడ.

"దొంగని నువ్వు దొంగవా అనడిగితే అవునని చెప్తాడా?"

గేటు దగ్గర పడిన రొట్టెముక్క ప్లాస్టిక్ సంచీలో వేసి, తారీఖు రాసి ఫ్రీజర్లో పెట్టాను. తర్వాత పశువుల డాక్టరుకి చూపించాను. గోధుమపిండి, నువ్వులనూనె, బెల్లం తప్ప ఇందులో ఏమీ కనబడ్డం లేదందావిడ. ఇవాళ విషం లేకపోతే రేపు కలపరని నమ్మకమేమిటి? గేటుకి 'మా కుక్కకు ఏమీ పెట్టకండి' అని ఇంగ్లీషులో బోర్డు తగిలించాను. శనివారం ఆవిడ మళ్లీ వచ్చింది. బోర్డు చదివింది, అటూ ఇటూ చూసింది, రొట్టె పెట్టి వెళ్లిపోయింది.

ఆ రోజే రాస్ ఒక ఉపాయం చెప్పాడు. యజమాని చేత్తో, యజమాని మాట మీద తప్ప ఇంకెవరు పెట్టినా ముట్టని కుక్కకు ఇక ఎవరితోనూ పని ఉండదట. మనుషుల మీదికి పోవడం కూడా దాంతోనే తగ్గుతుందట. ఒకే దెబ్బకు రెండు జబ్బులూ కుదిరే మందు దొరికిందనుకున్నాను.

మర్నాడే కాకరకాయలు కొని రసం తీశాను. దాన్ని రొట్టెకి పట్టించి, యూనిలో చదివే మా అమ్మాయి వైశాలికి ఇచ్చాను. వాళ్లమ్మ శాలువా కప్పించాను, గాజులు వేయించాను, గేటవతల కూర్చోబెట్టాను. జాంపండు పరిగెత్తుకెళ్లి రొట్టె అందుకోవడం, చేదుకి మొహం చిట్లించి ఉమ్మేయడం, ఈలోగా నేను పిలిచి లివర్ ముక్క పెట్టడం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

"నాన్నా, దిస్ ఈజ్ సో మీన్. హి లవ్స్ పీపుల్," అంది వైశాలి మూడోరోజు.

"వాణ్ణి కాపాడుకోవడానికేనమ్మా."

"ఫ్రమ్ హూ?"

ఇంకో రొట్టెముక్కకి రసం పట్టించి అమ్మాయి చేతిలో పెట్టాను. ఐదోరోజుకి వాడు గాజుల చప్పుడు వినగానే ఆగిపోయాడు. ఆరోరోజుకి అటు చూడటం కూడా మానేసి నా మొహమే చూడసాగాడు. ఆ సాయంత్రం రాస్ పొలంలో డమ్మీ తెచ్చి తిన్నగా నా చేతిలో పెట్టాడు. దారిలో ఇద్దరు నిలబడ్డా చూడలేదు. పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుందనగా నేను గాల్లో తేలుతున్నాను.

మర్నాడు శనివారం ఉదయం ఆరూ పదికి గేటు కెమెరా అలర్ట్‌తో ఫోను మోగింది. మంచంమీద లేచి కూర్చుని కెమెరాలో చూశాను. కనకదుర్గ రొట్టె పెట్టింది. జాంపండు అలవాటు కొద్దీ తోకాడిస్తూ వెళ్లాడు. గాజులు గలగలమనగానే రెండడుగులు వెనక్కేసి మొహం తిప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి ఇంకా ముందుకు చాపింది. వాడు మొహం ఇంకోపక్కకి తిప్పుకున్నాడు.

"చూశావా!" అని మా ఆవిణ్ణి తట్టి లేపి, ఫోన్లో రికార్డింగ్ పెట్టుకుని చెప్పుల్లేకుండా బయటికి పరిగెత్తాను.

"ఏం కలిపారండీ అందులో? వీడియోలన్నీ ఉన్నాయి నా దగ్గర! కౌన్సిల్‌కి లెటర్ రాసిందీ మీరేగా?" అని కేకలేశాను. రోడ్డుమీద వాకింగ్‌కి పోతున్న జంట ఆగి చూశారు.

ఆవిడ నా మాటలేవీ విన్నట్టు లేదు. రొట్టె ఇంకా చేతిలోనే ఉంది.

"వాడు తినట్లేదండీ, అన్నయ్యగారూ," అంది.

అంత భయం ఉన్న గొంతు నేనెన్నడూ వినలేదు. ఫోను దించేశాను.

"ఆయనకి ట్యూస్‌డే బైపాస్ అండీ. మూడు నెలల్నుంచీ నాలుగడుగులేస్తే ఆయాసం. ఎవరికీ చెప్పొద్దన్నారు, ఆఫీస్‌లో తెలిస్తే కాంట్రాక్ట్ రెన్యూ చేయరేమోనని. ఏలినాటి శని నడుస్తోంది, పదకొండు శనివారాలు నల్లకుక్కకి రొట్టె పెట్టమ్మా అని మా ఊరి సిద్ధాంతిగారు చెప్పారు. ఇక్కడ రోడ్డుమీద కుక్కలెక్కడివండీ? ఈ చుట్టుపక్కల నల్లగా ఉండేది మీవాడొక్కడే. అడుగుదామనే అనుకున్నా. మీరు బోర్డు పెట్టేసరికి భయమేసింది. ఇవాళ పదకొండోది." ఆవిడ వాడివంక చూసింది. "పది వారాలూ ఎగిరి గంతేసి తిన్నాడు. ఇవాళే మొహం తిప్పేసుకున్నాడు."

వాడలా ఎందుకు చేశాడో చెప్పాలి కదా. చెప్పాను. కాకరరసం సంగతి, గాజుల సంగతి, అంతా. చెబుతున్నంతసేపూ ఆవిడ తన చేతి గాజులవంక చూస్తూ ఉండిపోయింది.

"ఇటివ్వండి, నేను చెప్తే తింటాడు," అన్నాను.

"మీరు చెప్తే తినడం కాదండీ. వాడంతట వాడు తినాలి." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "సాయంత్రం దాకా టైముందిగా. కాసేపు వాడి దగ్గర కూర్చోనివ్వండి. గాజులు తీసేస్తాను. మళ్లీ అలవాటు పడతాడేమో."

గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. పరిచయం లేని చేతినుంచి తినడం ఈ వారంలో ఒక్కసారి అలవాటైతే అంతా మొదటికొస్తుందని రాస్ పదేపదే చెప్పాడు. మొదటికొస్తే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే వాడు పోతాడు.

"వచ్చే సండే వీడికి టెస్ట్ ఉందండీ. అది అయిపోయాక ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు వచ్చి కూర్చోండి," అన్నాను.

ఆపరేషను మంగళవారం. ఆ సంగతి నాకు తెలిసే ఆ మాట అన్నాను.

"సరేనండీ," అని ఆవిడ రొట్టెను కొంగులో చుట్టుకుని లేచింది. ఐదు నిమిషాల్లో, నెలరోజులుగా కదలని కారు కదిలింది. మా ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ఆపరేషను బాగా జరిగింది. శుక్రవారం పళ్లు తీసుకుని ఆస్పత్రికి వెళ్లాం. చలపతిగారు మంచంమీంచే చెయ్యి ఊపారు.

"మా దుర్గ సంగతి విన్నారా ద్వారకానాథ్‌గారూ? ఫ్రీవే అంటేనే వణికిపోయే మనిషి, శనివారం ఒక్కతే క్రాన్‌బర్న్ దాకా డ్రైవ్ చేసింది. రానూపోనూ నూట అరవై కిలోమీటర్లు! ఎక్కడో నల్లకుక్క ఉందని ఎవరో చెప్పారట."

నేను కనకదుర్గగారి వంక చూడలేకపోయాను. పళ్ల సంచీవైపు చూస్తూ సారీ అన్నాను.

"ఫర్వాలేదండీ," అందావిడ. "వాళ్లెవరో కూడా నాకు తెలీదు. గేటు తీసి రమ్మన్నారు. ఆ కుక్క నన్నెప్పుడూ చూళ్లేదు, అయినా వెళ్లగానే తినేసింది."

ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నాకూ ఒక మాట అనే వీలుండేది.

ఆదివారం పరీక్ష. తుపాకీ పేలినా జాంపండు కదల్లేదు. ఈల వేయగానే వెళ్లి, తుమ్మదుబ్బుల్లో పడిన డమ్మీని వెతికి పట్టి, తిన్నగా నా దగ్గరికి తెచ్చాడు. కావాలని దారిలో ఒకతను వేయించిన సాసేజ్ చూపిస్తూ నిలబడ్డాడు. వాడు అతని చుట్టూ దూరంగా తిరిగొచ్చి డమ్మీని నా చేతిలో పెట్టాడు. జాతికుక్కలు మూడు ఫెయిలయ్యాయి, నా జాంపండు పాసయ్యాడు. రాస్ టోపీ తీసి ఊపాడు. మా ఆవిడకు ఫోన్ చేస్తే, "సరే, ఉండనివ్వండి," అని పెట్టేసింది.

మెడకు నీలం రిబ్బను కట్టించుకుని కారు దగ్గరికి వస్తుంటే, నాలుగేళ్ల పాప ఒకతి చేతులు రెండూ చాపుకుంటూ పరిగెత్తుకొచ్చింది. మూడు నెలల కింద అయితే ఆ పిల్ల నేలమీద పడి కిలకిలా నవ్వుతూ ఉండేది. జాంపండు ఆ చేతులవంక చూసి, వెనక్కి వెనక్కి జరిగి నా కాళ్లచాటుకి వెళ్లి నిలబడ్డాడు. వాడి ఒళ్లు వణకడం నా పిక్కలకు తెలుస్తోంది.

వాళ్లమ్మ గబగబా వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా, ఇది మనుషులంటే పడని కుక్క," అని చెప్పి తీసుకెళ్లిపోయింది.

కాదని చెబుదామని నోరు తెరిచాను. ఏమని చెప్పను?