ఆఖరి కంచం

"షుగరు మళ్ళీ పెరిగిందా! కాస్త నోరు కట్టుకోలేవా?" అన్నాడు భర్త, రక్తపరీక్ష కాగితం పక్కన పడేసి, కంచంలోకి మరో గుడ్డు వేసుకుంటూ.

చేతిలో గరిటెతో నిలబడ్డ ఆమెకి ఒళ్ళు మండింది. అయినా అతని కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. తప్పు తనదేననుకుంది మరి. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది కదా, అన్నం, బ్రెడ్డు, దుంపలు తగ్గించు, కూరలూ గుడ్లూ కడుపు నిండా తిను, ఆకలితో మాడకు, షుగరు ఇలాగే ఉంటే కళ్ళకి ముప్పు అని. బట్టలు కుట్టి బతికే మనిషికి కళ్ళు పోతే ఇంకేముంది? మొన్న కుట్టు దుకాణంలో సూదిలోకి దారం ఎక్కించలేక పక్క మిషనామెని బతిమాలుకుంది. "ఏంటక్కా, అప్పుడే ముసలిదానివైపోయావా?" అని ఆవిడ నవ్వింది. ఈమె కూడా నవ్వేసి, బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చింది.

అందుకే ఇవాళ పొద్దున్నే లేచి చిక్కుళ్ళు ఉడికించింది, పాలకూర వేయించింది, గుడ్లు ఉడకబెట్టింది. అన్నీ తన పథ్యం కోసమే. తీరా అందరూ కూర్చున్నాక, "కూర అదిరింది, ఇంకొంచెం వెయ్యి" అని మొగుడు, "నాకు ఉత్తి గుడ్లే కావాలమ్మా" అని కూతురు. అందరూ లేచాక గిన్నెలు చూసుకుంది. కూర గిన్నె నాకినట్టుంది. అన్నం మాత్రం కుప్పగా మిగిలింది, కూతురు కొరికి వదిలేసిన బ్రెడ్డు ముక్కతో సహా.

"పారేయకు, నువ్వు తినేసెయ్," అంది అత్తగారు ఎప్పట్లాగే.

ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. ఓరి దేవుడా, ఇన్నాళ్ళూ తన నోటిని తిట్టుకుంది! పథ్యం చెడగొడుతున్నది నోరు కాదు, ఆఖర్న కూర్చోవడం. ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కుంది.

మర్నాడు వంట దించగానే మొదట తన కంచం పెట్టుకుంది. కూరా గుడ్లూ నిండుగా వడ్డించుకుని బల్ల దగ్గర కూర్చుంది. భర్త గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంటిది? మేం రాకముందే మొదలెట్టేశావా?"

"గిన్నెల్లో ఉందండీ, వడ్డించుకోండి. నాకు నా కళ్ళు కావాలి."

"చూశావా అమ్మా, దీని వరస?"

అత్తగారికి చూపు సరిగా ఆనక చాలా కాలమైంది. ఆవిడదీ షుగరే. గోడ పట్టుకుంటూ వచ్చి, చేత్తో తడుముకుని కోడలి పక్క కుర్చీలో కూర్చుంది. ఇక చీవాట్లు తప్పవనుకుంది కోడలు.

"నేనూ బతుకంతా ఆఖర్నే తిన్నానే తల్లీ," అంది ఆవిడ మెల్లగా. "నాకూ అదే పెట్టు. మిగిలింది వాడు తింటాడులే."